మన ఇంటికి వచ్చిన మెట్ట తాబేలు



ఈ సంవత్సరము మన తెలుగు తరగతిలోని ఒక కుటుంబము ఒక తాబేటిని దత్తు తీసుకొన్నది. దానిని ఇదివరకు పెంచినవారు నార్త్ యార్క్ విడిచి దూరప్రాంతమునకు తరలిపోవుచు, ఒక అట్టపెట్టెలో పెట్టి వీరికి అప్పగించిరి. “ఇది ఏమి తినును? దీనిని నీళ్లలో ఉంచవలెనా?” అని ఆ విద్యార్థి తరగతిలో అడుగగా పదిమంది పది జవాబులు చెప్పిరి. అందరును ప్రేమతోనే చెప్పిరి. అయినను వాటిలో సగము ఆ ప్రాణికి అపాయము కలిగించునవే. కావున ఈ సంచికలో తాబేటి పోషణ మన పాఠము.

మొదట పదము సంగతి చూతము. తాబేలు అను మన మాట చాల విశాలమైనది. చెరువులో ఈదునదియు తాబేలే, సముద్రములో ఈదునదియు తాబేలే, చిట్టడవిలో ఎండుగడ్డి మీద నడుచునదియు తాబేలే. ఆంగ్లములో నీటిలో నుండుదానిని టర్టిల్ అనియు, నేలమీద నుండుదానిని టార్టాయిస్ అనియు వేరుచేయుదురు. తెలుగులో ఆ భేదము తెలియవలెనన్నచో నీటి తాబేలు, మెట్ట తాబేలు అని చెప్పవలెను. మెట్ట అనగా నీరు నిలువని ఎత్తైన నేల. సంస్కృతము నుండి వచ్చిన కూర్మము, కచ్ఛపము, కమఠము అను మాటలును మనకు కలవు. పద్యములు చదువునప్పుడు అవి మీకు ఎదురగును.

ఇది మాటల భేదము మాత్రమే కాదు, ప్రాణముల భేదము. మెట్ట తాబేటికి ఈత రాదు. దానిని లోతైన నీటి తొట్టిలో విడిచినచో మునిగి చనిపోవును. నీటి తాబేటిని పొడి పెట్టెలో ఉంచినచో దానికి మేత మింగుటయే కష్టము. ఏలయన అది నీటిలో నుండియే మింగును. మన ఇండ్లలో కొందరు పెద్దలు, తాబేలు ఇంట నున్న శుభమని చెప్పి, ఏ జాతియో చూడక ఒక గాజు గిన్నెలో నీరు పోసి అందులో వేయుదురు. కావున ముందుగా కాళ్లు చూడవలెను. నీటి తాబేటి వేళ్ల నడుమ బాతు పాదమునకు వలె పొర ఉండును. మెట్ట తాబేటి కాళ్లు ఏనుగు కాళ్ల వలె గుండ్రముగా, మొద్దుగా ఉండును.

ఇక్కడ చిన్న వ్యాకరణ విషయము. తాబేలు యొక్క చిప్పను మనము తాబేలు చిప్ప అనము, తాబేటి చిప్ప అందుము. కుందేలు – కుందేటి, వాకిలి – వాకిటి, ఏరు – ఏటి అన్నట్లే ఇదియును. ఈ పాఠములో తాబేటిని, తాబేటికి అని చదువునప్పుడు అచ్చుతప్పు అనుకొనవద్దు.

మన విద్యార్థి ఇంటికి వచ్చినది రష్యా తాబేలు అను మెట్ట తాబేలు. పేరు రష్యాదే గాని దాని స్వస్థలము మధ్య ఆసియా. కజకస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఆఫ్గనిస్తాన్ దేశముల పొడి మైదానములలో అది నివసించును. అన్నము తిను పళ్లెముకన్న చిన్నది. బాగుగా పెరిగిన ఆడ తాబేలు సుమారు 20 సెంటీమీటర్ల పొడవు ఉండును. మగది అంతకన్న చిన్నది. దాని ముందు పాదమునకు నాలుగే గోళ్లు ఉండును. లెక్కపెట్టి చూడుడు.

ఈ చిన్న ప్రాణి చరిత్రలో ఒక గొప్ప ప్రయాణము కలదు. 1968వ సంవత్సరము సెప్టెంబరులో సోవియట్ దేశము జోండ్-5 అను అంతరిక్ష నౌకను చంద్రుని చుట్టు తిరిగి వచ్చుటకు పంపినది. అందులో ఈ జాతి తాబేళ్లు రెండు ఉండెను. మనుష్యులకన్న ముందు చంద్రుని చుట్టివచ్చి, హిందూ మహాసముద్రములో దిగి, ప్రాణములతో బయటికి వచ్చినవి అవియే. మేత లేక వాటి బరువు సుమారు పదవ వంతు తగ్గినది గాని, ఆకలి మాత్రము చావలేదు.

అంతటి ఓర్పు గల జంతువే మన ఇండ్లలో ఏల చనిపోవుచున్నది? ఓర్పు వలననే. కుక్కకు నొప్పి కలిగిన మూలుగును, పిల్లికి నచ్చకున్న గీరును. తాబేలు ఏమియు చెప్పదు. వెలుగు చాలకున్నను, మేత సరికాకున్నను, నెలల తరబడి ఓర్చుకొనుచు లోలోపల క్షీణించును. దాని జబ్బు మన కంటికి కనబడునాటికి తరచు చాల ఆలస్యమగును. కావున దానికి ఏమి కావలెనో అది అడుగకముందే మనము తెలిసికొనవలెను.

దానికి అన్నిటికన్న ముందు కావలసినది సూర్యుడు.

మన శరీరము తన వేడిని తానే పుట్టించుకొనును. తాబేటి శరీరము అట్లు చేయజాలదు. వెచ్చని చోట కూర్చున్నచో దాని ఒళ్లు వెచ్చబడును, అప్పుడే తిన్న మేత అరుగును. చల్లని గదిలో తిన్న ఆకు దాని కడుపులో అరుగక నిలిచిపోవును. ఎండలోని అతినీలలోహిత కిరణములు దాని చర్మమున పడి డి విటమిన్ పుట్టించును. ఆ విటమిన్ ఉన్నప్పుడే మేతలోని కాల్షియం ఎముకలకును చిప్పకును చేరును. లేనిచో ఎముకలు మెత్తబడును, కాళ్లు వంకర పోవును, పిల్ల తాబేటి చిప్ప వేలితో నొక్కిన లొంగును.

ఇప్పుడు మన ఊరిని తలచుకొనుడు. డిసెంబరు మూడవ వారములో నార్త్ యార్క్‌లో పగటి పొద్దు తొమ్మిది గంటలైనను నిండదు. ఆ ఎండలో ఈ కిరణములు బహు స్వల్పము. అదియును మనము అపార్టుమెంటు కిటికీ లోపల కూర్చుండి చూచు ఎండ. కిటికీ గాజు వెలుగును లోనికి రానిచ్చును, వేడిని కొంత రానిచ్చును, తాబేటికి కావలసిన ఆ కిరణములను మాత్రము ఆపివేయును. “మా తాబేలు రోజంతయు కిటికీ దగ్గరనే ఎండ కాచుకొనుచున్నది” అని మీరు సంతోషింపవచ్చును. నిజమునకు అది ఎండలో ఆకలితో కూర్చున్నట్లే.

కావున ఇంటిలోనే ఒక సూర్యుని ఏర్పాటు చేయవలెను. పెట్టెకు ఒక కొనయందు వేడి దీపము వ్రేలాడదీయవలెను. దాని క్రింది నేల 32 నుండి 35 డిగ్రీల సెల్సియస్ ఉండవలెను. రెండవ కొన 21 నుండి 24 డిగ్రీల చల్లదనములో ఉండవలెను. వేడి కావలసినప్పుడు ఇటు, చాలినప్పుడు అటు తాబేలే నడిచి పోవును. అంతయు ఒకే వేడిగా ఉంచుట తప్పు, దానికి తప్పించుకొను చోటు ఉండదు. వేడి దీపముతో పాటు యు.వి.బి. దీపము వేరుగా కావలెను. పొడవైన గొట్టము వంటి దీపము మేలు. దానిని తయారుచేసినవారు చెప్పిన దూరములో బిగించి, దినమునకు పన్నెండు గంటలు వెలిగించి, రాత్రి ఆర్పివేయవలెను. ఒక మోసము గమనింపుడు. ఈ దీపము కంటికి వెలుగుచున్నను, కొన్ని నెలలకు అందలి అతినీలలోహిత శక్తి తగ్గిపోవును. కావున ఆరు నుండి పన్నెండు నెలలకు ఒకసారి మార్చవలెను. కొన్న తేదీని దీపపు బిగింపుపై వ్రాసి అంటించుట మంచిది. చేతితో తాకి “వెచ్చగానే ఉన్నది” అనుట చాలదు, థర్మామీటరు కొని రెండు కొనలయందును చూడవలెను.

విద్యుత్తు పోయినప్పుడో? అది ఊహ కాదు. 2013వ సంవత్సరము డిసెంబరులో టొరంటో నగరమున మంచువాన కురిసి, చెట్లు తీగలపై కూలి, సుమారు మూడు లక్షల విద్యుత్ కనెక్షన్లు ఆగిపోయినవి. కొందరి ఇండ్లలో దినముల తరబడి కరెంటు లేదు. మీ అమ్మానాన్నలకు జ్ఞాపకము ఉండవచ్చును. అట్టి సమయమున తాబేటిని చిన్న అట్టపెట్టెలో ఉంచి, చుట్టు తువ్వాళ్లు కప్పి, ఇంటిలో అన్నిటికన్న వెచ్చని గదిలో ఉంచవలెను. ఒళ్లు చల్లబడినంతసేపు మేత పెట్టరాదు. బొగ్గుల కుంపటి గాని జనరేటరు గాని ఇంటిలోపల పెట్టరాదు. దాని విషవాయువు తాబేటికన్న ముందు మనుష్యులనే చంపును.

వేసవిలో, గాలి 20 డిగ్రీలు దాటిన దినములలో, పెరటి గడ్డిపై విడుచుట దానికి పండుగ. అయితే ఒంటరిగా విడువరాదు. రష్యా తాబేలు గోతులు త్రవ్వుటలో దిట్ట, కంచె క్రిందుగా పోవును. మన ఊరి రకూన్లు దాని కాళ్లను కొరికివేయును.

ఇక పడక. గాజు తొట్టి వద్దు. గాజు ఆవల దారి ఉన్నదనుకొని అది దినమంతయు గోడను గీకుచుండును. పైన మూత లేని చెక్కపెట్టె మేలు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్నచో ఒక తాబేటికి హాయి. మీకు పెద్దదిగా తోచవచ్చును గాని, ఇది మైళ్లకొద్ది నడుచు జాతి. అడుగున ఎరువు కలుపని మట్టియు కొబ్బరి పీచు పొట్టును కలిపి, అది దూరి దాగుటకు వీలుగా జానెడు లోతున పరచవలెను. ఈ పొట్టును ఇటుక వలె అదిమి పెంపుడు జంతువుల దుకాణములలో అమ్ముదురు. నీటిలో వేసినచో పొంగును. మా తాతగారు మలేషియాలోని బాగాన్ దాతో ప్రాంతమున కొబ్బరి తోటలో కూలిపని చేసిరి. అక్కడ పీచు గుట్టలుగా పడియుండెడిది, అడుగువారు లేరు. ఇక్కడ దానిని డాలర్లు పెట్టి కొనుచున్నప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును.

మేత విషయమున మన తెలుగు ఇండ్లకు ఒక హెచ్చరిక. పెరుగన్నము, చపాతి, అరటిపండు, ఉడికించిన పప్పు ఏవియు పెట్టరాదు. నాయనమ్మగారు ముద్దుగా పెట్టబోయినచో, “దీనికి ఆకులే పరమాన్నము నాయనమ్మా!” అని మర్యాదగా చెప్పుడు. దాని కడుపు ముతక ఆకులకొరకు ఏర్పడినది. పండ్లలోని తీపి దాని పేగులను పాడుచేయును. పాలకూర, తోటకూర, గోంగూర మనకు మంచివే గాని వాటిలో ఆక్సాలిక్ ఆమ్లము ఎక్కువ. అది కాల్షియంను పట్టివేసి ఒంటికి అందనీయదు. ఎప్పుడో ఒకటి రెండు ఆకులు చాలును.

మరి ఏమి పెట్టవలెను? మే మాసములో నార్త్ యార్క్ పచ్చికలన్నియు పసుపు పూలతో నిండును గదా! ఆ డాండిలయన్ మొక్కయే దానికి విందు. ఆకు, పువ్వు, కాడ అన్నియు తినును. అందము కొరకు పచ్చికపై కలుపుమందులు చల్లుటను అంటారియో రాష్ట్రము 2009వ సంవత్సరములో నిషేధించినది. అందువలన ఈ మొక్కకు కొరత లేదు. అయినను రోడ్డు అంచున మొలచినవి, కుక్కలు తిరుగు చోటివి కోయరాదు. క్లోవర్ ఆకులు, మల్బరీ ఆకులు, మందు చల్లని మందార ఆకులును పూలును, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలును మంచివి. శీతకాలములో దుకాణము నుండి ఎండైవ్, ఎస్కరోల్, రాడిక్కియో అను ఆకులు మార్చి మార్చి తేవలెను. ఒకే ఆకును నిత్యము పెట్టరాదు. తాబేటి చిప్ప ఎంతయో దినపు మేత కుప్ప అంత చాలును.

కాల్షియం పొడిని వారమునకు కొన్నిసార్లు ఆకులపై చల్లవలెను. పెట్టెలో ఒక సముద్రఫేనపు ముక్కను కూడ ఉంచవచ్చును. సముద్రఫేనము అనగా నురుగు కాదు, కటిల్ చేప యొక్క తెల్లని ఎముక. మన ఆయుర్వేద దుకాణములలో దానిని సముద్రపు నురుగు అని అమ్మిరి. ఇక్కడ పక్షుల మేత అమ్ము చోట దొరకును.

త్రాగుటకు లోతు లేని పళ్లెము ఎల్లప్పుడు ఉండవలెను. వారమునకు రెండు మారులు, దాని గడ్డము మునుగనంత గోరువెచ్చని నీటిలో పదిహేను ఇరువది నిమిషములు నిలబెట్టవలెను. ఆ సమయమున ప్రక్కనే ఉండవలెను. ఫోను మ్రోగినదని లేచి పోరాదు.

చిప్ప గురించి ఒక మాట. అది తాబేలు మోయు ఇల్లు కాదు, విప్పి పెట్టు చొక్కా కాదు. దాని వెన్నెముకయు పక్కటెముకలును కలిసిపోయి ఏర్పడినది. గోటితో తాకినను దానికి తెలియును. విష్ణుమూర్తి కూర్మావతారమని భక్తితో కొందరు దానికి పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, నూనె రాయుదురు. భక్తి మంచిదే. బొట్టు మాత్రము పూజగదిలోని రాతి కూర్మమునకు పెట్టుదురు గాక.

కొత్తగా వచ్చిన తాబేలు మొదటి వారములలో దాగి ఉండును, మేత ముట్టకపోవచ్చును. బంధువులందరిని పిలిచి చేతులు మార్చి చూపరాదు. వెలుగు, వేడి, నీరు సరిచూచి, దాని మానమున దానిని ఉండనీయవలెను. మొదటి నెలలోనే సరీసృపములను చూచు పశువైద్యుని వద్దకు తీసికొనిపోయి, దాని పెంటికలను పరీక్ష చేయింపవలెను. కడుపులో పురుగులు ఉండుట సామాన్యము. కుక్కలను చూచు వైద్యులందరును తాబేళ్లను చూడరు, కావున ముందుగా ఫోను చేసి అడుగవలెను. ఇదివరకే ఇంటిలో వేరొక తాబేలున్నచో రెండింటిని కలుపరాదు. అడవిలో ఇవి శీతకాలమున నేలలో నిద్రించునన్నది నిజమే. దత్తు వచ్చిన మొదటి చలికాలమున మాత్రము ఆ ప్రయత్నము చేయరాదు. బలహీనమైనది నిద్రలోనే పోవును.

వారమునకు ఒకసారి తూచి బరువును గ్రాములలో ఒక పుస్తకమున వ్రాయవలెను. దానికి మాట లేదంటిమి గదా, ఈ అంకెలే దాని మాట. బరువు వరుసగా తగ్గుచున్నను, ముక్కు కారుచున్నను, నోరు తెరచి ఊపిరి పీల్చుచున్నను, కన్నులు వాచినను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. తూచు త్రాసు వంటకు వాడు త్రాసు కారాదు.

ఎందుకనగా ఆరోగ్యముగా ఉన్న తాబేటి ఒంటిపై కూడ సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి ఉండవచ్చును. దానివలన మనుష్యులకు విరేచనములు, జ్వరము కలుగును. ముఖ్యముగా ఈ కారణము చేతనే 1975వ సంవత్సరము నుండి పెంపుడు తాబేళ్ల దిగుమతిని కెనడా నిషేధించినది. తాకిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగవలెను. దానిని ముద్దు పెట్టుకొనరాదు. దాని పళ్లెములను వంటగది సింకులో కడుగరాదు. ఇంటిలో అయిదేండ్ల లోపు తమ్ముడో చెల్లెలో ఉన్నచో, ఆ పిల్లలు పెద్దవారగు వరకు తాబేటిని దత్తు తీసుకొనకుండుటయే మేలని నా అభిప్రాయము.

మన దేశపు నక్షత్ర తాబేటి సంగతి కూడ చెప్పవలెను. నల్లని చిప్పపై పసుపు గీతలు నక్షత్రముల వలె వ్యాపించియుండును. శ్రీకాకుళం జిల్లాలోని శ్రీకూర్మ క్షేత్రము కూర్మావతారమునకు ప్రసిద్ధమైన ఆలయము. అక్కడ ఈ తాబేళ్లను మీరు చూడవచ్చును. వాటి అందమే వాటికి శత్రువైనది. దొంగతనముగా పట్టి విదేశములకు అమ్ముదురు. భారతదేశములో ఒకే ఒక సేకరణ కేంద్రము నుండి సంవత్సరమునకు కనీసము 55,000 తాబేళ్లు పట్టుబడుచున్నవని 2015వ సంవత్సరపు పరిశోధన ఒకటి అంచనా వేసినది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వాటికి రక్షణ. 2019లో ప్రపంచ దేశములు కలిసి వాటి వ్యాపారమును దాదాపు పూర్తిగా మూసివేసినవి. సెలవులకు ఊరికి పోయినప్పుడు పొలములో దొరికినదని ఎవరైన చేతిలో పెట్టినచో తీసికొనవద్దు. ఇక్కడ ఎవరైన నక్షత్ర తాబేటిని అమ్మజూపినచో, అది ఎక్కడ పుట్టినదని అడిగి, కాగితములు చూపుమనవలెను.

ఇక కష్టమైన ప్రశ్న. పెంచలేకపోయినచో ఏమి చేయవలెను? రష్యా తాబేలు నలుబది ఏండ్లును, అంతకు మించియు జీవించును. పదేండ్ల మీకు ఏబది ఏండ్లు వచ్చునాటికి అది ఇంకను ఆకులు నమలుచుండును. చదువుకొరకు మీరు వేరే ఊరికి పోదురు, ఇల్లు మారుదురు. చాలమంది ఈ లెక్క ముందు వేసికొనరు. తుదకు ఒక సాయంకాలము దానిని డాన్ నది లోయలోనో, ఒక పార్కు చెరువు దగ్గరనో విడిచి, “స్వేచ్ఛ ఇచ్చితిమి” అందురు. కెనడా దేశమునకు స్వంతమైన మెట్ట తాబేలు ఒక్కటియు లేదు. అట్లు విడిచినది మొదటి గడ్డకట్టు చలికి చనిపోవును. నీటి తాబేటిని విడిచినచో, అది ఇక్కడి తాబేళ్ల మేతను, ఎండ కాచుకొను చోట్లను ఆక్రమించును, రోగములు అంటించును. అంటారియోలో సహజముగా నున్న నీటి తాబేళ్లు ఎనిమిది జాతులే. ఎనిమిదియు అపాయములోనే ఉన్నవి. పెంచలేనివారు తెలిసిన మరొక ఇంటిని వెదకవలెను. లేదా సరీసృపముల రక్షణ సంస్థను గాని, షెప్పర్డ్ అవెన్యూ వెస్ట్‌లోని నగర జంతు ఆశ్రయమును గాని సంప్రదింపవలెను.

అభ్యాసము

ఎండ పడు కిటికీ దగ్గర ఒక థర్మామీటరును, గది మూలలో మరొకదానిని ఉంచి, ఉదయము, మధ్యాహ్నము, రాత్రి ఎన్ని డిగ్రీలున్నవో వారము దినములు వ్రాయుడు. మీ ఇంటిలో తాబేలు ఎచ్చట నివసింపగలదో, ఎచ్చట నివసింపజాలదో ఆ అంకెలను చూచి చెప్పుడు.

కుందేటి, వాకిటి, ఏటి, తాబేటి అను రూపములతో నాలుగు వాక్యములు వ్రాయుడు.

మీరు ఒక తాబేటిని ముప్పది ఏండ్లు పెంచి వేరొకరికి అప్పగించుచున్నారనుకొనుడు. దాని వెంట పంపుటకు ఒక ఉత్తరము వ్రాయుడు. అది ఏ ఆకు ఇష్టముగా తినును, ఎప్పుడు దాగును, దాని బరువు ఎంత, దీపము ఎప్పుడు మార్చితిరి అనునవన్నియు అందులో ఉండవలెను. ఉత్తరము ఒక పుట మించరాదు.